ఆరు బొట్ల నల్ల పురుగు: అడవి గ్రౌండ్ బీటిల్‌ను గుర్తించడం, వర్ణించడం – తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిందంటే చాలు, నా ఫోన్‌కి పురుగుల ఫోటోలు వస్తుంటాయి. శ్రీశైలం దారిలో కారు ఆపినవాళ్లు, వికారాబాద్ అడవికి ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు, పొలం నుంచి మా బంధువులు, అందరూ అడిగేది ఒక్కటే: "ఇదేంటో చెప్పు." వాటిలో తరచుగా కనిపించేది ఒక పెద్ద నల్ల పెంకు పురుగు. దాని గురించి మళ్లీ మళ్లీ చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

నల్లగా, బొటనవేలంత పొడవు, ఒంటి మీద తెల్ల చుక్కలు. ఏ పురుగు ఇది?

చుక్కలు ఆరే అయితే, అందులో రెండు మెడలాంటి భాగం మీద, నాలుగు వెనక పెంకు మీద ఉంటే, అది ఆంథియా సెక్స్‌గుట్టాటా. గ్రౌండ్ బీటిల్స్ (నేల మీద తిరిగే పెంకు పురుగులు) కుటుంబం, అంటే కారాబిడే కుటుంబానికి చెందినది. ప్రపంచంలో ఈ కుటుంబంలో సుమారు 40,000 జాతులున్నాయి. మన దగ్గర కనిపించేవాటిలో ఇది బాగా పెద్దది, దాదాపు 4 సెంటీమీటర్లు. ఎండు ఆకురాల్చే అడవుల్లో, తుప్పలున్న చిట్టడవుల్లో, రాళ్ల గుట్టల చుట్టూ నేల మీద పరుగెడుతూ కనిపిస్తుంది. ఎగరలేదు. కాళ్లే దాని బలం.

పేరు చూసి నవ్వకండి. లాటిన్‌లో సెక్స్ అంటే ఆరు, గుట్టా అంటే బొట్టు. ఆరు బొట్లది అని అర్థం. మన భాషలో బొట్టు అంటే నీటి చుక్కా, నుదుటి చుక్కా రెండూ కాబట్టి ఈ పేరు లాటిన్ కంటే తెలుగులోనే బాగా కుదిరిందని నాకు అనిపిస్తుంది.

తెలుగులో దీనికి పేరుందా?

నేను "ఆరు బొట్ల పురుగు" అంటాను. మీ ఊళ్లో వేరే పేరుంటే అదే వాడండి, దాన్ని రాసి కూడా పెట్టుకోండి. అయితే ఊరి పేరుతో పురుగును తేల్చడం కష్టం. పెంకు పురుగు అనే మాట కిందే కొబ్బరి కొమ్ము పురుగు, పేడ పురుగు, అక్షింతల పురుగు అన్నీ వచ్చేస్తాయి. నల్లగా ఉన్న ప్రతిదాన్నీ పేడ పురుగు అనేవాళ్లూ ఉన్నారు. ఈ పురుగుకి పేడతో ఏ సంబంధమూ లేదు. ఇది వేటగాడు, మిగతా పురుగుల్ని పట్టి తింటుంది.

నాకు కనిపించినదానికి ఏడు చుక్కలున్నాయి. ఇంకో జాతా?

జాతి కాదు, అసలు బీటిలే కాదు. అది బొద్దింక!

దాని పేరు థేరియా పెటివెరియానా. దక్షిణ భారతంలో చిట్టడవుల్లో, ఎండుటాకుల కింద ఉంటుంది. వంటింటి బొద్దింకలా గోధుమ రంగులో కాకుండా నల్లగా, గుండ్రంగా, పెద్ద తెల్ల చుక్కలతో ఉంటుంది. ఆరు బొట్ల పురుగును చూసి జడిసే జంతువులు తననూ వదిలేస్తాయని ఆ వేషం వేసుకుందంటారు శాస్త్రజ్ఞులు. మన కళ్లే మోసపోతున్నాయంటే వేషం బాగానే పనిచేస్తున్నట్టు.

తేడా తెలియడానికి చుక్కలు లెక్కపెట్టడం కన్నా రెక్కలు కలిసే చోటు చూడటం మంచిది. బీటిల్ పై పెంకులు రెండూ వీపు మధ్యలో ఒకే నిట్టనిలువు గీత మీద కలుస్తాయి. బొద్దింక రెక్కలు పంచె కుచ్చిళ్లలా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. ఇంకో సంగతి: బొద్దింక తల పైనుంచి దాదాపు కనిపించదు, ముందున్న డాలు కింద దాక్కుంటుంది. ఆరు బొట్ల పురుగు తల, దవడలు ముందుకు చాచి స్పష్టంగా కనిపిస్తాయి.

నాలుగే చుక్కలు కనిపిస్తున్నాయి. కొత్త జాతి దొరికిందా?

తొందరపడకండి. ఆ తెల్ల చుక్కలు పెంకు మీద రంగు కావు, దట్టంగా మొలిచిన తెల్లటి నూగు. రాళ్ల కిందా, బొరియల్లోనూ దూరి దూరి ముసలి పురుగుకి అది అరిగిపోవచ్చు. లెన్స్‌తో చూస్తే నూగు రాలిన చోటు తెలుస్తుంది. మట్టి అంటుకున్నా చుక్క మాయమవుతుంది. ముందు మెత్తటి బ్రష్‌తో తుడిచి చూడండి.

చుక్కలే లేని నల్ల పురుగు గ్రౌండ్ బీటిల్ అని ఎలా తెలుస్తుంది?

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. అడవి నేల మీద తిరిగే పురుగుల్లో సగం నల్లగానే ఉంటాయి. రంగు చూసి చెప్పడం చీకట్లో రాయి వేయడమే. పురుగును వెల్లకిలా తిప్పి చూడాలి. పది రెట్లు పెద్దగా చూపించే చేతి లెన్స్ ఉంటే చాలు.

మొదట పాదాలు. కాలి చివర చిన్న చిన్న కణుపులుంటాయి. గ్రౌండ్ బీటిల్‌కి ముందు, మధ్య, వెనక కాళ్లన్నిటికీ అయిదేసి. అడవిలో దీనితో బాగా పొరబడేది డార్క్‌లింగ్ బీటిల్, అదీ నల్లగానే, నేల మీదే తిరుగుతుంది. దానికి వెనక కాళ్లకు నాలుగే కణుపులు. ఈ ఒక్క లెక్కతో సగం గొడవ తీరిపోతుంది. నాలుగు కనిపించగానే సంబరపడకుండా రెండో కాలు కూడా చూడండి. పాదం విరిగిపోయి కూడా ఉండొచ్చు.

తర్వాత వెనక కాళ్ల మొదలు. కాలు ఒంటికి అతుక్కునే పలక వెనక్కి సాగి, పొట్ట కింది మొదటి పట్టీని రెండు ముక్కలుగా కోసినట్టు ఉంటుంది. ఆ పలక పక్కనే చిక్కుడు గింజలాంటి బొడిపె ఒకటి పెద్దదిగా కనిపిస్తుంది. ఈ రెండూ ఉంటే మనది సరైన దారే.

ఇక మీసాలు. స్కూలు పుస్తకంలో స్పర్శశృంగాలు అని చదువుకున్నాం కానీ మీసాలు అంటేనే అందరికీ తెలుస్తుంది. దారంలా సన్నగా, పదకొండు కణుపులతో ఉంటాయి. కంటికీ దవడ మొదలుకీ మధ్య నుంచి పుడతాయి. చాలావాటికి ముందు కాలి మీద చిన్న గంటు ఉంటుంది. అది మీసాలు దువ్వుకునే దువ్వెన. పురుగు మీసాన్ని అందులో పెట్టి లాగుతుంటే చూడటం ఒక సరదా.

టైగర్ బీటిల్స్‌ని కొందరు ఇదే కుటుంబంలో కలుపుతారు, కొందరు వేరు చేస్తారు. వాటి కళ్లు ఉబ్బి ఉంటాయి, తల మెడ భాగం కంటే వెడల్పు. పగలు చెరువుగట్టున, ఇసుకలో ఉరికి, ఠక్కున ఆగి, మళ్లీ ఉరికేవి అవే.

ఇంత తంటా ఎందుకు? ఫోటో చాలదా?

ఆరు బొట్ల పురుగుకు చాలు. అది అదృష్టం. మిగతావాటికి వీపు ఫోటో ఒక్కటి పంపితే ఏ ప్రజాతో (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) చెప్పగలిగితే గొప్ప. ఒకే అడవిలో రెండు జాతులు పైనుంచి అచ్చం కవలల్లా ఉండి, కంటి పక్కన ఒక వెంట్రుక ఉందా రెండున్నాయా అన్నదానితోనే విడిపోవచ్చు. కొన్నిటిని మగ పురుగు జననాంగం ఆకారం చూస్తే తప్ప తేల్చలేం.

ఫోటో తీసేటప్పుడు నాలుగు తీయండి: పైనుంచి, పక్కనుంచి, ముఖం, పొట్ట వైపు. పక్కన స్కేలు గానీ రూపాయి నాణెం గానీ పెట్టండి. "చాలా పెద్దది" అని నాకు పంపినవాటిలో వేలిగోరంత పురుగులు కూడా ఉన్నాయి.

దీన్ని చేత్తో పట్టుకోవచ్చా?

వద్దు. దవడలు గట్టివి, కొరికితే నొప్పి పుడుతుంది. అంతకన్నా ముఖ్యం, పొట్ట చివర ఉన్న గ్రంథుల నుంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. చీమ కుట్టినప్పుడు మంట పెట్టేది అదే ఆమ్లం, ఇక్కడ చాలా గాఢంగా ఉంటుంది. దూరం కూడా చిమ్మగలదు. ముఖం దగ్గరగా పెట్టి ఫోటో తీసేవాళ్లకు కంటి గండం. కంట్లో పడితే నలపకుండా వెంటనే శుభ్రమైన నీళ్లతో పదిహేను, ఇరవై నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పసరు పోయడం, పాలు పోయడం లాంటివి చేయొద్దు. పిల్లలు దీన్ని కర్రతో పొడుస్తుంటే పక్కకు లాగండి.

చార్లెస్ డార్విన్ కేంబ్రిడ్జ్‌లో చదువుకునే రోజుల్లో రెండు చేతుల్లో రెండు బీటిల్స్ పట్టుకుని ఉండగా మూడోది కనిపించిందట. వదలబుద్ధి కాక చేతిలోదాన్ని నోట్లో పెట్టుకున్నాడు. అది చేదు మంట ద్రవం చిమ్మేసరికి ఉమ్మేశాడు, అదీ పోయింది, మూడోదీ పోయింది. అంతటివాడికే తప్పలేదు.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి?

ఆరుద్ర పురుగులు కనిపించే రోజులే గ్రౌండ్ బీటిల్స్ వెతకడానికీ మంచివి. నేల తడిసి, కింద చిన్న పురుగులు కదులుతుంటే వేటగాళ్లు బయటికొస్తాయి. చాలా జాతులు రాత్రి తిరుగుతాయి కాబట్టి హెడ్‌లైట్ పెట్టుకుని నేల మీదే చూపు నిలపండి. పగలైతే కుళ్లిన దుంగల కింద, ఎండుటాకుల మందపాటి పొర కింద, రాళ్ల కింద చూడాలి. రాయి ఎత్తేటప్పుడు మీకు అవతలివైపు అంచు పట్టుకుని మీ వైపు లేపండి. అప్పుడు కింద ఉన్న తేలో పామో పరుగెత్తితే అవతలికే పోతుంది. చూశాక రాయిని ఉన్నట్టే దించండి. అది చాలా ప్రాణులకు ఇంటి కప్పు.

గ్లాసు ఉచ్చు అంటే ఏమిటి?

ఒక ప్లాస్టిక్ గ్లాసును అంచు నేలకు సమంగా వచ్చేలా పాతిపెట్టడమే. నడిచే పురుగు చూసుకోకుండా పడిపోతుంది. అంచు వెంట్రుకవాసి పైకి ఉన్నా పురుగు పక్కనుంచి పోతుంది. కొత్తవాళ్లు చేసే తప్పు ఇదే. వాన పడకుండా పైన చిన్న రాళ్ల మీద పెంకుముక్క నిలబెట్టండి. ప్రాణంతో కావాలంటే ఖాళీగా ఉంచి, నాలుగు ఆకులు వేసి, రోజూ పొద్దున్నే చూడాలి. ఉచ్చు పెట్టి మర్చిపోవడం పాపం అంటాను నేను, ఇంకో మాట లేదు.

అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్–శ్రీశైలం లాంటి పులుల అభయారణ్యాల్లో అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఏ పురుగునూ పట్టకూడదు. "పురుగే కదా" అనే మాట అక్కడ చెల్లదు. ఫోటోలతో మొదలుపెట్టండి, మీ పెరట్లో ఉచ్చు పెట్టుకుని చేయి తిరిగేదాకా సాధన చేయండి.

నమూనాతో పాటు ఏమేం రాసి పెట్టాలి?

చీటీ లేని పురుగు చెత్తతో సమానం. కఠినంగా అనిపించినా అంతే. ఎక్కడ దొరికింది (ఊరు, మండలం, జీపీఎస్ అంకెలు, ఎత్తు), ఏ రోజు, ఎవరు పట్టారు, ఎలా పట్టారు, ఏ రకం చోటు. ఇవన్నీ బియ్యపు గింజంత అక్షరాలతో అయినా అక్కడికక్కడే రాయాలి. ఇంటికొచ్చి రాద్దాంలే అనుకుంటే రెండు సీసాలు తారుమారవుతాయి.

పెన్సిల్‌తో రాయండి. నేను మొదటి ఏడాది బాల్ పెన్నుతో చక్కగా రాసి, ఆల్కహాల్ సీసాల్లో వేసి, గర్వంగా అల్మారాలో పెట్టుకున్నాను. నెల తర్వాత చూస్తే సిరా మొత్తం కరిగి, పద్నాలుగు సీసాల్లో లేత నీలం నీళ్లు, తెల్ల కాగితాలు. పురుగులు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఏది ఎక్కడిదో తెలియదు.

చీటీ మీద చోటు ఎంత పని చేస్తుందో తెలియాలంటే మన గుత్తి సాలీడు కథ చూడండి. నీలంగా మెరిసే ఆ పెద్ద సాలీడును 1899లో బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు పోకాక్ వర్ణించాడు. నమూనా దొరికింది గుత్తిలో, రైల్వే కలప నిల్వ చేసే చోట. చీటీలో గుత్తి అనే ఉంది కాబట్టి పేరూ అలాగే స్థిరపడింది. కానీ అది కలపతో పాటు రైలెక్కి వచ్చింది. దాని అసలు అడవి నంద్యాల, గిద్దలూరు మధ్య ఉందని 2001లో గానీ తేలలేదు. చీటీ అబద్ధం చెప్పలేదు, పురుగు దొరికిన చోటే చెప్పింది. కలప నిల్వలో దొరికిందన్న సంగతి తెలిస్తేనే అది వలస వచ్చిందని ఊహించగలం. అందుకే చోటుతో పాటు సందర్భం కూడా రాయమంటాను.

పురుగును ఎలా భద్రపరచాలి?

ఒంటి ఆకారం కోసం 70 శాతం ఆల్కహాల్, డీఎన్‌ఏ కోసం 95 శాతం. పెద్ద పురుగులకు సూది గుచ్చుతారు, ఎప్పుడూ కుడి పై పెంకు గుండానే. మధ్యలో గుచ్చితే అక్కడి గుర్తులు పోతాయి, ఎడమవైపు పరీక్షకు మిగలాలి. పెట్టెలో నాఫ్తలిన్ ఉండలు వేయండి, లేదంటే చీమలు పండగ చేసుకుంటాయి.

వర్ణన రాయడం ఎలా? "నల్లగా, పెద్దగా ఉంది" అంటే సరిపోదా?

సరిపోదు. మీ వర్ణన చదివిన మనిషి, మిమ్మల్ని ఎప్పుడూ చూడని మనిషి, ఆ పురుగును పదింటిలోంచి ఏరగలగాలి. తప్పిపోయిన పిల్లాడి గురించి స్టేషన్లో చెప్పినట్టు ఉండాలి. "ముద్దుగా ఉంటాడు" అంటే ఎవరు పట్టుకుంటారు?

వరస ఒకటే పాటించండి: తల నుంచి తోకవైపు, పైనుంచి కిందికి. ఆరు బొట్ల పురుగుతో చేసి చూపిస్తాను.

"పొడవు సుమారు 4 సెం.మీ. ఒళ్లంతా నలుపు. తల ముందుకు చాచి ఉంది. దవడలు పొడవు, బలమైనవి. మీసాలు దారంలాంటివి, పదకొండు కణుపులు. మెడ పలక హృదయాకారం, వెనక్కి సన్నబడింది, రెండు పక్కలా ఒక్కో తెల్లటి నూగు చుక్క. పై పెంకులు రెండూ కలిసి కోలగా, ఉబ్బెత్తుగా, మెడ పలక కంటే వెడల్పుగా ఉన్నాయి. ఒక్కో పెంకు మీద ముందొకటి, వెనకొకటి తెల్ల చుక్క. కాళ్లు పొడవు, నలుపు; పాదాల కణుపులు 5-5-5."

చూడండి, ఇందులో అందం, భయంకరం, వింత అన్న మాటలు లేవు. కొలతలు, ఆకారాలు, లెక్కలు మాత్రమే. అసలు జాతి వర్ణనలో ఇంకా లోతుకు వెళ్తారు: పెంకుల మీద నిలువు చాళ్లు ఎన్ని, చాళ్ల మధ్య చుక్కల గుంటలున్నాయా, ఏ వెంట్రుక ఎక్కడుంది, మెడ పలక పొడవు వెడల్పుల నిష్పత్తి ఎంత. ఒక్క పురుగును కాదు, దొరికినన్నింటినీ కొలిచి, చిన్నదీ పెద్దదీ రెండు అంకెలూ ఇవ్వాలి. అన్నదమ్ములు ఒకే ఎత్తు ఉండరు కదా.

వర్ణనతో పాటు విడిగా రెండు మూడు వాక్యాల్లో తేడా చెప్పాలి: దగ్గరి బంధువుల నుంచి దీన్ని ఏది వేరు చేస్తుంది? నన్నడిగితే ఆ రెండు వాక్యాలే వర్ణనకి ప్రాణం. మిగతాదంతా సాక్ష్యం.

కొత్త జాతి అని ఎప్పుడు అనొచ్చు?

పాతవన్నీ కాదని తేల్చాక. అంటే ఆ ప్రజాతిలో ఇప్పటిదాకా పేరుపెట్టిన ప్రతి జాతి వర్ణనా చదివి, వీలైనంత వరకు అసలు నమూనాలతో పోల్చాక. మన దేశపు గ్రౌండ్ బీటిల్స్‌కి హెచ్.ఇ. ఆండ్రూస్ 1929, 1935లలో రాసిన రెండు బ్రిటిష్ ఇండియా జీవజాలం సంపుటాలను ఇప్పటికీ తెరవాల్సిందే. మొదట కొత్త జాతిలా అనిపించి, చివరికి పాతదే అని తేలడం మామూలు. నిరాశ పడక్కర్లేదు, పాత జాతి కొత్త చోట దొరకడం కూడా వార్తే.

నిజంగా కొత్తదైతే ఒక్క నమూనాను హోలోటైప్‌గా ఎంచుకోవాలి. పేరు శాశ్వతంగా దానికే కట్టి ఉంటుంది. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూస్తారు. మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి సంగతి నిర్దేశిత సంస్థకు తెలిపి, నమూనాలు అక్కడ జమ చేయాలి. జంతువులకైతే 1916లో మొదలైన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఉంది, కేంద్ర కార్యాలయం కోల్‌కతా. మీ అల్మారాలో దాచుకున్న నమూనా ఎవరికీ హోలోటైప్‌గా పనికిరాదు.

నా పేరు పెట్టుకోవచ్చా?

జంతువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళి అడ్డు చెప్పదు, కానీ జనం నవ్వుతారు. వేరే వాళ్ల పేరు పెట్టొచ్చు, ఊరి పేరు పెట్టొచ్చు. నల్లమల నుంచి అయితే "నల్లమలెన్సిస్" లాంటిది. ఒకసారి ప్రచురించాక మార్చడం దాదాపు అసాధ్యం, కాబట్టి నిదానంగా ఆలోచించండి. స్లొవేనియా గుహల్లో ఒక గుడ్డి గ్రౌండ్ బీటిల్ ఉంది. 1937లో దానికి అనాఫ్తాల్మస్ హిట్లెరి అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది. పైగా ఆ పేరు మోజులో పడి కొనేవాళ్లున్నారని దొంగతనంగా పట్టి అమ్ముతున్నారు. కళ్లు లేని పురుగుకి తన పేరు తెలియదు, దాని వల్ల చస్తోంది.

"ఆంథియా సెక్స్‌గుట్టాటా (ఫాబ్రిషియస్, 1775)" అని బ్రాకెట్లో ఎందుకు రాస్తారు?

ఫాబ్రిషియస్ డెన్మార్క్‌వాడు, జీవులకు రెండు మాటల పేర్ల పద్ధతి స్థిరపరచిన లినేయస్ శిష్యుడు. 1775లో ఈ పురుగును కారాబస్ అనే ప్రజాతిలో పెట్టి పేరు పెట్టాడు. తర్వాత దాన్ని ఆంథియాలోకి మార్చారు. ప్రజాతి మారితే మొదట వర్ణించినవాడి పేరు, ఏడాది బ్రాకెట్లోకి వెళ్తాయి. మారకపోతే బ్రాకెట్ ఉండదు. అంత చిన్న గుర్తుతో ఇల్లు మారిన సంగతి చెప్పేస్తారు.

ఫాబ్రిషియస్ మన దేశం రాలేదు. ఆయన చూసిన దక్షిణ భారత పురుగుల్లో చాలావాటిని పంపినవాడు తమిళనాడు తీరంలోని తరంగంబాడి డేనిష్ స్థావరంలో పనిచేసిన కోనిగ్. ఆయన 1785లో కన్నుమూసింది మన కాకినాడ జగన్నాథపురంలోనే.

ఇది పొలానికి మంచిదా, చెడ్డదా?

మంచిదే. మొక్కను తినదు, పురుగుల్ని తింటుంది. పొలంలో కనిపిస్తే తొక్కకండి, దాని మానాన పోనివ్వండి.

డబ్బాలో పెట్టి పెంచుకోవచ్చా?

రెండు రోజులు చూసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలండి. గాలి ఆడాలి, అడుగున తడి మట్టి ఉండాలి, దాక్కోవడానికి ఒక పెంకుముక్క పెట్టాలి. రెండు పురుగుల్ని ఒకే డబ్బాలో పెట్టొద్దు. పొద్దున లేచి చూసేసరికి ఒకటే మిగలొచ్చు.